సంచుల కుట్టు మిగులుతో అన్నదానం: బట్ట లెక్క, కాడల సమస్య

కుట్టు_అనంతపురం:
మా పొదుపు సంఘం ఆడవాళ్లం కలిసి గుడ్డ సంచులు కుడుతున్నాం. మిగులుతో సర్వజన ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్లకు వారానికోసారి అన్నం పెట్టాలని. 48 అంగుళాల పన్నా గాడా (ముతక నూలు) బట్ట, సంచి 14 × 16. పది మీటర్లకు ఎన్ని రావాలి? సంచి పట్టుకునే కాడలు ఊడుతున్నాయని అంగళ్లవాళ్లు తిప్పి పంపుతున్నారు. ధర ఎంత పెట్టాలి?

కత్తెర_ఆదోని:
అక్కా, అడుగున కుట్టు లేకుండా ఒకే ముక్క మడవండి. ముక్క 15 × 35 (పక్క కుట్లకు అరంగుళం చొప్పున, మూతి మడతకు ఒకటిన్నర చొప్పున). పన్నాలో మూడు ముక్కలు, 9 వరుసలు: 27 సంచులు. కాడలు 54 కావాలి, ఒక్కోటి 3 × 22. పక్కన మిగిలే 3 అంగుళాల పట్టీలో 14 వస్తాయి, మిగతా 40కి ఇంకో 60 అంగుళాల బట్ట. ఉతికి కోస్తే పన్నా కూడా కుంచించుకుపోతుంది, 24 వస్తే గొప్ప.

కాడ ఊడేది ఒక్క గీత కుట్టి వదిలేసినందుకే. కొసను అంగుళం మేర మూతి మడతలోకి దోపి మడత కుట్టండి. తర్వాత కాడను పైకి తిప్పి అంగుళం చదరం, దాంట్లో ఇంటు గుర్తు. అక్కడ ఆరేడు పొరలుంటాయి, 14 నంబరు సూది వంగి కుట్లు దాటేస్తుంది. 16 వాడండి. కుట్టు మరీ చిన్నది పెడితే బట్ట చిల్లులు పడి అక్కడే చినుగుతుంది, అంగుళానికి 8 చాలు. ఐదు కిలోల బియ్యం పోసి, ఒక్క కాడతో మేకుకు రాత్రంతా వేలాడదీసి చూడండి.

జీన్స్_రాయదుర్గం:
కాడలకు మా ఊరి జీన్స్ కటింగ్ ముక్కలు వాడితే అదే పది మీటర్లలో 33 సంచులు వస్తాయి. 22 అంగుళాల పొడవున్నవి ఏరుకోవాలి. రెండు పొరలే మడవండి, సూది 18. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించకపోతే నీలం గాడాకు అంటుతుంది. ఉప్పు వేస్తే ఆగుతుందనేది ఉత్త మాట.

పద్దులు_కడప:
ముందు కూలి, తర్వాత దానం. మీటరు 60, పది మీటర్లకు 27 సంచులు అనుకుంటే సంచికి బట్ట 22, కుట్టుకూలి 12, దారం సూది 2, కరెంటు రిపేరు 4. మొత్తం 40. యాభైకి అమ్మితే పది మిగులు, అంటే వారానికి 300 సంచులు పోతేనే అన్నానికి 3000. దానం డబ్బుకు వేరే ఖాతా, రెండు సంతకాలు. అరువు డబ్బు చేతికి రాకముందే ఆ ఖాతాలో వేయొద్దు.

కుట్టు_అనంతపురం:
అంగళ్లవాళ్లు నెలాఖరుకు ఇస్తామంటే?

పద్దులు_కడప:
సగం అడ్వాన్సు తీసుకోండమ్మా. అంగడి పేరు అచ్చు వేసిన సంచి అయితే మొత్తం ముందే. తిరిగొస్తే ఇంకొకరికి అమ్మలేరు.