అప్‌డేట్: నాన్న బీపీ మాత్ర ఆపలేదు

గుండెకు ఎల్‌వ్యాడ్ పంపు పెట్టిన నాన్నకు మలం నల్లగా వస్తోంది, బీపీ మాత్ర లిసినోప్రిల్ వల్లేనా అని అడిగాను కదా. కాదట, అది పేగుల్లో రక్తం కారడం వల్లట. పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంటుంది, నాడి సరిగా అందదు. అలాంటివాళ్లకు పేగుల్లో పలచటి రక్తనాళాలు పుట్టి చిట్లుతాయట. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్ కూడా పంపులో తెగిపోతుంది. పైగా రక్తం పలచబరిచే వార్ఫరిన్ ఒకటి!

ఈ రకం బీపీ మందులు వాడేవాళ్లలో రక్తస్రావం తక్కువని కొన్ని అధ్యయనాల్లో కనిపించిందట, గట్టి రుజువు మాత్రం కాదన్నారు డాక్టరుగారు. ఎండోస్కోపీలో చిట్లిన చోట కాల్చి మూసేశారు. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష) ఎక్కువగా ఉందని వార్ఫరిన్ తగ్గించారు, బీపీ మాత్ర అలాగే ఉంచారు.

నాడి సరిగా అందదు కాబట్టి బీపీ చూడటానికి మోచేతి మడతలో డాప్లర్ (రక్తప్రవాహం చప్పుడు వినిపించే చిన్న పరికరం) ఆనించి, కఫ్ గాలి మెల్లగా వదులుతూ 'హుష్' చప్పుడు ఎక్కడ మొదలవుతుందో వినడం నేనూ నేర్చుకున్నా. నిన్న బీపీ 82.