కుతూహలమా, జిజ్ఞాసా, ఉత్త ఆరాయేనా?

‘క్యూరియాసిటీ’కి పిల్లలు కుతూహలం, ఉత్సుకత, జిజ్ఞాస అని మూడు రకాలుగా రాశారు, ఏది సరైనదని అడిగారు కదా మాస్టారూ. మార్కులైతే ముగ్గురికీ వేసేయండి. మూడూ ఒకటే అంటే మాత్రం నేను ఒప్పుకోను.

మన విజయనగరం సంగతే చూడండి. పైడితల్లమ్మ పండగలో పూజారి కొసన కూర్చుని ఊరేగే పొడవాటి మానే సిరిమాను. ఆ పండగ దగ్గరపడుతుంటే ‘ఈ ఏడు సిరిమాను చెట్టు ఏ ఊళ్లో దొరికిందేటి?’ అని అందరూ అడుగుతారు. అది కుతూహలం. ఊరి పేరు తెలిసిందా, తీరిపోయింది. దసరా వెళ్లిన మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఇరుక్కుని, మాను కదిలిందా లేదా అని మునికాళ్ల మీద లేచి చూస్తామే, అది ఉత్కంఠ. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. మెడ సాచడం మాటలోనే ఉంది. ఉత్సుకత కూడా దీని చుట్టమే, ఎప్పుడెప్పుడా అన్న తొందర అందులో ఎక్కువ.

జిజ్ఞాస దారి వేరు. ‘జ్ఞా’ ధాతువుకి కోరికను చెప్పే ప్రత్యయం చేరితే పుట్టిన మాట: తెలుసుకోవాలనే కోరిక. తాగాలనే కోరిక పిపాస. వినాలనే కోరిక శుశ్రూష, అదే తర్వాత సేవ అయి కూర్చుంది, ఆ కథ ఇంకోసారి. వేదాంత గ్రంథమైన బ్రహ్మసూత్రాలు ‘అథాతో బ్రహ్మజిజ్ఞాసా’ (ఇక బ్రహ్మాన్ని తెలుసుకోవాలనే కోరిక) అని మొదలవుతాయి. అక్కడ కుతూహలం పెట్టి చదవండి, నవ్వొస్తుంది.

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలో చదువు చెబుతూనే అక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. తెలియని మాట చెవిన పడితే ‘ఏటంటున్నాడు?’ అని ఎవరికైనా అనిపిస్తుంది. కుతూహలం అంతవరకే. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసేదాకా వదలకపోవడం జిజ్ఞాస.

ఆరా తీయడం పక్కింటి సంబంధాల గురించి, కూపీ లాగడం పోలీసుల పని. ఉబలాటాన్ని ఈ జట్టులో కలపకండి. అది తెలుసుకోవాలని కాదు, తనే చేసేయాలని. మైకు కనిపిస్తే చాలు మాట్లాడేయాలనుకునేవాళ్లు లేరూ, వాళ్లది.

చోద్యం మాత్రం భలే తిరిగింది. సంస్కృత శాస్త్రాల్లో దానికి ఎదుటివాడు లేవనెత్తే ప్రశ్న, ఆక్షేపణ అనే అర్థం ఉంది. మనమేమో నోరు మెదపకుండా నిలబడి చూసేవాళ్లని ‘చోద్యం చూస్తున్నారు’ అంటున్నాం. అలా ఊరికే తొంగిచూసేవాళ్లని బొబ్బిలి, టెక్కలి వైపు ఇంకేమంటారో అటువాళ్లు ఎవరైనా రాయండి.