డోరు అంచున తుప్పు బుడగలు: లప్పం పెట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న (సాగర్‌నగర్, విశాఖ): ఇల్లు బీచ్ రోడ్డు పక్కనే, కారు ఆరుబయటే ఉంటుంది. వెనక డోరు అడుగు అంచున పెయింటు బుడగల్లా లేచింది. గోటితో గీరితే ఎర్రపొడి రాలుతోంది. రెండు చోట్ల స్క్రూడ్రైవర్ మొన దిగిపోయింది, చిల్లులు శనగగింజంత. గ్రైండర్ ఉంది, కంప్రెసర్ లేదు. లప్పం పెట్టి స్ప్రే డబ్బా కొట్టేయొచ్చా?

జవాబు (గాజువాక ఆటోనగర్): వద్దండీ. లప్పం తేమ పీల్చుకుంటుంది. దాని కింద తుప్పు మిగిలితే మళ్లీ ఉబ్బడం ఖాయం. పైగా డోరు అడుగున తుప్పు ఎక్కువగా లోపలి నుంచే బయటికొస్తుంది. నీళ్లు పోయే కంతలు మట్టితో పూడుకుపోయి ఉంటాయి, ముందు అవి పొడవండి. లోపలి ట్రిమ్ (డోరు లోపలివైపు ప్యానెల్) విప్పి, మంచినీళ్లతో ఉప్పు వదిలేలా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇక బయట. బుడగ చుట్టూ రెండంగుళాలు అదనంగా 80 నంబరు ఎమెరీతో తెల్లరేకు తేలేదాకా గీకాలి. ఒట్టి వైరు బ్రష్‌తో ఆపేస్తే గుంటల్లో తుప్పు నల్లగా నునుపెక్కి శుభ్రమైనట్టు కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. గుంటల్లో మిగిలిన చుక్కలకు రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టిపొరగా మార్చే మందు) రాసి, ఆరాక టూకే, అంటే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. కంప్రెసర్ లేకపోయినా బ్రష్‌తో వేసుకోవచ్చు.

లప్పం ఆ తర్వాతే, 100 గ్రాములకు హార్డెనర్ (గట్టిపడేలా కలిపే మందు) 2 గ్రాములు. హార్డెనర్ ఎక్కువైతే పైపెయింటులోకి మరక దిగుతుంది. మందం 3 మిల్లీమీటర్లు దాటకూడదు. 180 నంబరు ఎమెరీతో మొదలెట్టి 320కి రండి, ప్రైమర్ సర్ఫేసర్ (సన్నగీతలు పూడ్చే ప్రైమర్) వేశాక 600 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి.

జవాబు (ఎంవీపీ కాలనీ): కన్వర్టర్ దగ్గర ఒక మాట. ఫాస్ఫారిక్ యాసిడ్ రకం కడగకుండా వదిలేస్తే పైన ఎపాక్సీ పట్టదు, పొరలా లేచిపోతుంది. కడగాలో వద్దో డబ్బా మీద చూసుకోండి. నన్నడిగితే రేకు బాగా తేలినచోట కన్వర్టరే అక్కర్లేదు.

చిల్లులకు ఫైబర్ మ్యాట్ (రెజిన్‌తో అతికించే గాజునార గుడ్డ) తాత్కాలికమే. సన్నబడిన రేకంతా కోసేసి 0.8 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) స్టీలు షీటు ముక్క కార్బన్ డయాక్సైడ్ వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా అతికించాలి. ఏకబిగిన లాగితే వేడికి రేకు వంకర పోతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ట్రిమ్, ఫెల్టు కూడా. అంత పని మాత్రం టింకరింగ్ షాపులో చేయించడమే మేలు. చిల్లు రన్నింగ్ బోర్డు బాక్సులో (డోర్ల కింద బాడీకి ఉండే బోలు దూలం) ఉంటే ఫైబర్ ఆలోచనే వద్దు, బండి బలానికి అది ముఖ్యం.

ప్రశ్న (సాగర్‌నగర్): గీకి రాత్రంతా ఉంచి, పొద్దున ప్రైమర్ వేయొచ్చా?

జవాబు (గాజువాక ఆటోనగర్): మీ ఇంటి దగ్గర అస్సలు కుదరదు. ఉప్పుగాలికి తెల్లారేసరికి రేకు మీద పసుపురంగు తుప్పు పొర పట్టేస్తుంది. గీకిన రోజే ప్రైమర్ పడాలి. వాన లేని రోజు చూసి, ఎండెక్కాక మొదలుపెట్టండి. గాలిలో తేమ ఎక్కువైతే పెయింటు తెల్లబారుతుంది. టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటే గుడ్డమాస్కు ఆపదు, సరైన ఫిల్టర్ మాస్కు పెట్టుకోవాలి. పెయింటు గట్టిపడ్డాక డోరు లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) కొట్టండి, నీళ్లు పోయే కంతలు మాత్రం మళ్లీ మూసేయకండి.