‘పెయింట్ ఇట్ బ్లాక్’ శోకగీతమేనా, లేక ఒట్టి కోపం పాటా?

పాత రికార్డు:
బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 1966లో విడుదల చేసిన ఈ పాట గురించి ఎవరిని అడిగినా “ప్రియురాలు పోయినవాడి దుఃఖం” అంటారు. మాటల వరకు నిజమే. ఎర్ర తలుపు కనిపిస్తే దానికి నల్లరంగు పూసేయాలంటాడు. నల్ల కార్ల వరుస, ఇక తిరిగిరాని ప్రేమ, చివరికి ఆకాశంలో సూర్యుడు కూడా కనిపించకూడదంటాడు. కానీ వింటుంటే నాకు ఏడుపు రాదు, ఊపొస్తుంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయిన పాట ఇది. జనం దీనికి స్టెప్పులేశారు. రాసిన మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఇద్దరికీ అప్పటికి 22 ఏళ్లు. నా దృష్టిలో చావు ఇక్కడ ఒక అలంకారం మాత్రమే, అసలు సరుకు కోపం. మీరేమంటారు?

రాత్రి బస్సు:
కోపమే అండి, అయితే అది యుద్ధం మీద కోపం. వియత్నాం దృశ్యాలు లేకుండా ఈ పాటను ఊహించుకోలేను.

అరుగు మీద:
రాత్రి బస్సు గారూ, పాటలో యుద్ధం ఊసే లేదు. ఆ ముద్ర తర్వాత పడింది. 1987లో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ తన వియత్నాం యుద్ధ సినిమా ‘ఫుల్ మెటల్ జాకెట్’ చివరి టైటిల్స్‌కి ఈ పాట పెట్టాడు. అదే ఏడాది మొదలైన ‘టూర్ ఆఫ్ డ్యూటీ’ అనే వియత్నాం సీరియల్‌కి ఇదే టైటిల్ సాంగ్. అంటే పాట వచ్చిన 21 ఏళ్లకు. దాంతో ఇప్పుడు ఎవరు విన్నా హెలికాప్టర్లే గుర్తొస్తున్నాయి. పాటలో చనిపోయిన మనిషి పక్కకు పోయింది. నాకు బాధ అక్కడే.

రాత్రి బస్సు:
1966లోనే అక్కడ అమెరికా సైనికులు లక్షల్లో ఉన్నారు కదా. తోటివాడు కళ్లముందే పోయిన కుర్రాడు ఈ పాట విని తనదే అనుకుంటే అందులో తప్పేముంది?

అరుగు మీద:
తప్పేమీ లేదు. వాడిదీ శోకమే. అది వియత్నాం పాట అనే మాటనే నేను ఒప్పుకోను.

ఇక పాత రికార్డు గారి ప్రశ్న. వేగంగా ఉంది కాబట్టి దుఃఖం కాదంటున్నారు. మన సినిమాలు మనకు అలా అలవాటు చేశాయి: విషాదమంటే పాట నెమ్మదిగా సాగాలి, వెనక వయొలిన్లు ఏడవాలి. మరి మన ఊళ్లలో చావు డప్పు సంగతేంటి? ఎండుగడ్డి మంట మీద డప్పులు కాచి, పాడె లేచిన దగ్గర్నుంచి శ్మశానం దాకా వాయిస్తారు. ఆ దెబ్బ గుండెలో పడుతుంది. దాని ముందు కొందరు అడుగులు కూడా వేస్తారు. వాళ్లకి దుఃఖం లేదని ఎవరైనా అంటారా? ఈ పాటలో సితార మొదలై, బృందం డ్రమ్మర్ చార్లీ వాట్స్ డ్రమ్స్ ఒక్కసారిగా వచ్చి పడే చోట నాకు ఆ డప్పే వినిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ పాట మొదట ఇంత వేగంగా లేదు. 1966 మార్చిలో హాలీవుడ్‌లోని ఆర్‌సీఏ స్టూడియోలో దీన్ని నెమ్మదిగానే ప్రయత్నించారు. ఎంతకీ కుదరక పక్కన పెట్టేద్దామనుకున్నారు. అప్పుడు బృందంలో బేస్ గిటార్ వాయించే బిల్ వైమన్, ఆర్గాన్ (కాళ్లతో నొక్కే పెడళ్లు కూడా ఉండే కీబోర్డు వాద్యం) దగ్గర ఏదో సరదాగా వాయించడం, వాట్స్ దానికి రెట్టింపు వేగంతో డ్రమ్స్ కలపడం, అలా పాట లేచి నిలబడింది. అడుగున గంభీరమైన మోత సరిపోలేదని వైమన్ నేల మీదకు దిగి ఆర్గాన్ పెడళ్లను పిడికిళ్లతో కొట్టాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిందివైపు వినండి, ఆ మోత తెలుస్తుంది. నెమ్మదిగా పాడినప్పుడు చచ్చిన పాట వేగం అందాక బతికింది. ఆ మాటల్లోని దుఃఖానికి కావాల్సింది ఆ వేగమేనని నేను నమ్ముతాను.

కొత్త చెవులు:
నేను ఈ ట్యూన్‌ని మొదట 2022లో వచ్చిన ‘వెన్స్‌డే’ సిరీస్‌లో విన్నాను. అందులో వెన్స్‌డే అనే అమ్మాయి చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) మీద వాయిస్తుంది, మాటలుండవు. నాకు అప్పుడు చావు తట్టలేదు, ఒక రకమైన ధైర్యం అనిపించింది. మాటలు తెలిశాక మాత్రం వేసవి బట్టల్లో నడిచిపోతున్న అమ్మాయిల్ని చూసి తల తిప్పేసుకునే చోట ఆగిపోయాను. లోకమంతా మామూలుగా ఉందే అన్న బాధ అది. దాన్ని వేషం అనలేను.

పాత రికార్డు:
వేగం గురించి అరుగు గారి వాదన బలంగానే ఉంది. కానీ ఒకటి చూడండి. పాట మొత్తంలో చనిపోయిన ఆవిడ ఎక్కడుంది? పేరు లేదు, ముఖం లేదు, ఒక్క జ్ఞాపకం లేదు. అంతా ‘నేను, నా గుండె, నా చీకటి’. నిజంగా పోగొట్టుకున్నవాడు ఆమె గురించి ఒక్క ముక్కయినా చెప్పడా? సితార కూడా అంతే, మన చెవులకి మరీ పలుచన. 1965 డిసెంబర్‌లో బీటిల్స్ వాడారు, వెంటనే వీళ్లూ అందుకున్నారు.

అరుగు మీద:
చెప్పడండి. మా పెద్దమ్మ పోయాక మా పెదనాన్న ఆవిడ పేరే ఎత్తలేదు. పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్లిపోయారో లేదో, ప్రతిదానికీ చిరాకు మొదలైంది. గేటు చప్పుడైతే అరుపు, టీవీ పెడితే అరుపు. ఎదురింట్లో పెళ్లికి సీరియల్ బల్బులు వేలాడదీస్తే వెళ్లి తీయించమని గొడవ. వీధిలోవాళ్లు ఆయన కనిపిస్తే మొహం తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. ఈ పాటలోనూ జనం అలాగే చూపు తిప్పుకుని పోతారు. ఎర్ర తలుపును చూసి ఓర్చుకోలేనివాడు నాకు పరాయివాడు కాదు.

సితార విషయంలో, దాన్ని వాయించిన బ్రయాన్ జోన్స్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. ఆయన రాగం వాయించడానికి ప్రయత్నించలేదు. గొంతు ఎటు పోతే తీగ అటే పోతుంది. మాటకి నీడలా ఉండటమే దాని పని. ఫ్యాషన్ కోసమే అయితే మొదట్లో ఒక మెరుపు మెరిపించి వదిలేసేవాడు. గిటార్ మీద అదే వరుస వాయిస్తే ఆ గరుకుతనం రాదు.

పాత రికార్డు:
సితార మీద నా మాట మారదు, గిటార్ ఉన్నా పాట నిలబడేదే. మీ పెదనాన్నగారి సంగతి మాత్రం నా ప్రశ్నకి నేరుగా తగిలింది. ఇంట్లో చావు జరిగిన రోజుల్లో ఈ పాట విన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే రాయండి. అప్పుడు ఊరట దొరికిందా, లేక మధ్యలో ఆపేయాల్సి వచ్చిందా? నాకు తెలుసుకోవాలనుంది.