విలెయిన్ రైతు బానిసా, కాదా?

పాతకాగితం:
13వ శతాబ్దపు ఇంగ్లండ్ మేనర్ (దొర చేతికింది ఎస్టేటు) సంగతి. విలెయిన్ అనే రైతు చాలాచోట్ల వారానికి రెండు మూడు రోజులు దొర సొంత పొలంలో వెట్టి చేయాలి. కూతురికి పెళ్లి చేయాలంటే దొరకు రుసుము కట్టాలి. తాను పోతే కొట్టంలోని మేలైన పశువు దొరపాలు. ఇది బానిసత్వం కాదా? (మన సినిమాల విలన్‌కూ మూలం ఈ మాటే. పల్లెటూరివాడు కాస్తా దుర్మార్గుడయ్యాడు. అర్థం మార్చింది పల్లెటూరివాళ్లు మాత్రం కాదు.)

కొలగొలుసు:
కాదండీ. 1086లో ఇంగ్లండ్ రాజు దేశంలోని భూములకు వేయించిన డోమ్స్‌డే లెక్కల్లో బానిసలను విడిగా రాశారు, నమోదైనవారిలో సుమారు పదోవంతు. తర్వాతి కాలంలో ఆ వర్గమే కనుమరుగైంది. విలెయిన్‌కు భూమి ఉంది, అది ఆచారం ప్రకారం కొడుక్కు దక్కేది. దొరతో తప్ప మిగతా అందరితో అతడు స్వతంత్రుడేనని చట్టం చెప్పింది. పనులు చేయించే రీవ్ కూడా సాధారణంగా విలెయిన్‌లలో ఒకడే. కోతల సాయానికి వెళ్తే దొరే భోజనం పెట్టాలి. బీరు పోసే రోజు ఏది, మంచినీళ్లతో సరిపెట్టే రోజు ఏది అన్నది కూడా కొన్ని మేనర్లలో లెక్క ప్రకారమే. బానిసతో ఇంత బేరం ఎవరు చేస్తారు?

పాతకాగితం:
'దొరతో తప్ప' అన్నారు చూడండి, కథంతా అక్కడే ఉంది. అతడిని పీడించేది దొర కాక మరెవరు? మేనర్ కోర్టు దొరదే, జరిమానా దొర సంచిలోకే. ఆ భూమి కోసం దొర మీద రాజు కోర్టుకు వెళ్లే దారి లేదు.
సెయింట్ ఆల్బన్స్ మఠం కింది ఊరు చూడండి. ధాన్యం మఠం మరలోనే ఆడించాలి, అందులో కొంత మఠానికి ముట్టజెప్పాలి. జనం ఇళ్లలో తిరగళ్లు పెట్టుకుంటే 1330ల తొలినాళ్లలో మఠాధిపతి వాటిని లాక్కుని, మఠంలో మాట్లాడుకునే గదికి నేలగా పరిపించాడు. లోపలికి వచ్చిన ప్రతివాడూ తన తిరగలి తొక్కుకుంటూ నడవాలన్నమాట. 1381 తిరుగుబాటులో జనం ఆ నేల పెళ్లగించి, రాళ్లు పగలగొట్టి, చర్చిలో రొట్టె పంచినట్లు తలా ఒక ముక్క పంచుకున్నారు.

గట్టుమీద:
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. అంత బాధైతే పారిపోలేదేం?

కొలగొలుసు:
పారిపోయారు. హక్కుపత్రం (పట్టణానికి సొంత హక్కులిచ్చే పత్రం) ఉన్న పట్టణంలో ఏడాదీ ఒక రోజూ పట్టుబడకుండా ఉంటే చాలాచోట్ల స్వేచ్ఛ దక్కేది. 1348-49 ప్లేగు మహమ్మారి తర్వాత పనివాళ్లు దొరక్క కూలి పెరిగింది. దాన్ని పాత రేటుకే కట్టేయాలని 1351లో చట్టం తెచ్చారు.
తిరగళ్ల విషయం ఒప్పుకుంటాను. కానీ సెయింట్ ఆల్బన్స్ పట్టణం. వాళ్లు వారపు వెట్టి చేసే విలెయిన్‌లు కారు.

పాతకాగితం:
పట్టణమని వాళ్లు అన్నారండీ, మఠం ఒప్పుకుంటే కదా! వాళ్లు 1327లో సంపాదించుకున్న హక్కుపత్రాన్ని కూడా తిరగళ్లు లాక్కున్న ఆ మఠాధిపతే తిరిగి రాబట్టుకున్నాడు.