మేనరికం కుటుంబాల ఎక్సోమ్ డేటా: వేరియంట్ల వడపోతలో సాయం కావాలి

నమస్కారమండీ. గుంటూరులో ఒక చిన్న జెనెటిక్స్ ల్యాబ్‌లో కంప్యూటర్ పని చూస్తుంటాను. పుట్టుచెవుడు ఉన్న పిల్లల ఎక్సోమ్ డేటా (డీఎన్‌ఏలో ప్రోటీన్ల తయారీకి సూచనలుండే భాగాల వివరాలు) మా దగ్గరుంది, చాలామంది తల్లిదండ్రులది మేనరికం. బీడబ్ల్యూఏ సాఫ్ట్‌వేర్‌తో అలైన్‌మెంట్ (చదివిన డీఎన్‌ఏ ముక్కలను ప్రామాణిక జీనోమ్ పక్కన అమర్చడం), జీఏటీకే సాఫ్ట్‌వేర్‌తో వేరియంట్ కాలింగ్ (ఆ జీనోమ్‌కు తేడాగా ఉన్నచోట్లను, అంటే వేరియంట్లను, గుర్తించడం) అయిపోయాయి.

చిక్కంతా వడపోతలోనే, అంటే అరుదైన వేరియంట్లను మాత్రమే ఉంచి వాటిలో చెవుడుకు కారణం వెతకడంలోనే. నోమ్యాడ్ అనే అంతర్జాతీయ వేరియంట్ల డేటాబేస్‌లో అరుదుగా కనిపించే వేరియంట్ మన దగ్గర ఏదో ఒక కులంలో మామూలుగానే ఉండొచ్చు, తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు కదా. 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు డేటాలో ఐటీయూ పేరుతో బ్రిటన్‌లోని తెలుగువాళ్ల నమూనాలున్నా, అవి వందకు అటూ ఇటూ. అంత కొద్దిమందితో పోల్చి, బిడ్డ చెవుడుకు కారణం ఇదేనని ఆ తల్లికి చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మన దేశంలోని రకరకాల సముదాయాల జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయొలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. దానికి దరఖాస్తు పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు ఇంకేం అడిగారు?

ఇంకొకటి. హోమోజైగస్ భాగాలు (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేలా వచ్చిన డీఎన్‌ఏ భాగాలు) వెతకడానికి ప్లింక్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఎక్సోమ్‌లో మార్కర్లు (పోల్చి చూసే డీఎన్‌ఏ స్థానాలు) ఎడమెడంగా ఉంటాయి కాబట్టి అలాంటి భాగానికి కనీస పొడవు ఎంత పెడుతున్నారు? దానికి బదులు ఇదే పని చేసే బీసీఎఫ్‌టూల్స్‌లోని ఆర్‌ఓహెచ్ మేలంటారా? కుటుంబాల సమ్మతి పత్రం ప్రకారం డేటా ల్యాబ్ దాటకూడదు, అందుకే క్లౌడ్ సర్వీసులు వద్దు. విజయవాడ వైపు ఈ పని తెలిసినవారుంటే నేనే వచ్చి కలుస్తాను.