సమస్య: "ముసలిదానిఁ జూచి మోజు పడితి"

తెనాలి మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

*ముసలిదానిఁ జూచి మోజు పడితి*

ముందే చెబుతున్నా, వెకిలి ఆలోచనలు వద్దు. ముసలిది అంటే కారు. మీ ఊళ్ళో, మీ వీధిలో కళ్ళారా చూసిన పాత కారు గానీ, మార్పులు చేయించిన కారు గానీ పద్యంలోకి రావాలి. మ్యూజియం కార్లు చెల్లవు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంకి వెళితే పుస్తకం ఆకారంలో ఒకటి, పెన్ను ఆకారంలో ఒకటి కార్లు కనిపిస్తాయి. వాటిని టికెట్టు కొని చూస్తాం. నాకు కావలసింది పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినప్పుడు ఎదురుపడేది. పద్యం కింద ఎక్కడ చూశారో ఒక ముక్క రాయండి. నంబరు మాత్రం మొత్తం పెట్టకండి, బండి గలవాళ్ళకి ఇబ్బంది.

గణాలు మరిచిపోయినవాళ్ళకి: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాసయతి చెల్లుతుంది.

దానవాయిపేట:
రాజమండ్రి నుంచి బోణీ నాది.

*గుండ్ర కనులు, తెల్ల కోటు గలిగినది*
*చింత చెట్టు నీడ జీపు పక్క*
*నిలిచి యుండె, రెండు నిమిషాలు నేనాగి*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

అంబాసిడర్. ముందు జాలీ చిన్న చిన్న గళ్ళతో ఉంది కాబట్టి మార్క్ 2 అనుకుంటున్నా. పాత ప్లేటే, మూడు అక్షరాలూ నాలుగు అంకెలూ.

యతి పోలీసు:
గణాలు సరిపోయాయి. గుండ్రకి కోటు, చింతకి జీపు, యతులూ బాగున్నాయి. కానీ ఒక అనుమానం. ఆ జీపు నిజంగా అక్కడ ఉందా, యతి కోసం మీరే తెచ్చి నిలబెట్టారా?

దానవాయిపేట:
ఉందండీ బాబూ! చక్రాల్లేని కమాండర్ జీపు, ఇటుకల మీద. లోపల కుక్క పడుకుని ఉంది. కుక్కకి గణం కుదరక వదిలేశాను.

తెనాలి మాస్టారు:
కుక్క వచ్చి ఉంటే పద్యం ఇంకా బాగుండేది. గళ్ళ జాలీ అయితే మార్క్ 2యే. 1975లో మార్క్ 3 వచ్చాక అడ్డ పట్టీలయ్యాయి. మూడక్షరాల నంబరంటే ఎలాగూ 1989 జులైకి ముందుదే. ఆ తర్వాతే ఏపీ, పక్కన జిల్లా అంకె మొదలయ్యాయి. మా చిన్నప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని 16 అంటే బెజవాడ, 31 అంటే విశాఖ అని పందెం వేసుకునేవాళ్ళం. 2019లో ఆంధ్ర అంతా ఏపీ 39 అయిపోయింది, ఆ ఆటా పోయింది.

ఆటోనగర్ చిన్నోడు:
మాస్టారూ, పద్యం రాయడం ఇదే మొదలు. విజయవాడలో షెడ్డు పని నాది. తప్పులుంటే తిట్టకండి.

*పాత ఫియటు కారు పద్మిని వచ్చింది;*
*చేతి గేరు పట్టి తాత తోలె;*
*కొత్త కార్లు వెనకఁ గూతలు పెట్టినా*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర చూశాను. పేరు బెంజి, వచ్చింది ఫియట్.

యతి పోలీసు:
రెండో పాదంలో యతి తప్పింది తమ్ముడూ. 'చే'కి 'తా' ఎలా కుదురుతుంది? చకార తకారాలకి మైత్రి లేదు. ఆ పాదం మార్చండి.

బ్రాడీపేట అక్క:
పోలీసు గారూ, లాఠీ దించండి. చేతి, తాత. రెండిట్లో రెండో అక్షరం తకారమే, మొదటి అక్షరాలు రెండూ గురువులే. అది ప్రాసయతి. చెల్లుతుందని మాస్టారు పైనే రాశారు.

యతి పోలీసు:
...అవును. చలానా వెనక్కి తీసుకుంటున్నా.

ఆటోనగర్ చిన్నోడు:
అక్కా, నిజం చెప్పనా? ప్రాసయతి అంటే ఏంటో నాకు తెలీదు. తోలింది తాత కాబట్టి తాత అని రాశా.

తెనాలి మాస్టారు:
తెలిసి రాసినవాళ్ళకి ఇంత సహజంగా రాదు. ఈ వారం నాకు బాగా నచ్చిన పాదం అదే. "పెట్టినా" వాడుక మాట, అలాగే ఉంచు, దిద్దితే పద్యం బిగుసుకుపోతుంది.

ఫియట్, పద్మిని రెండు పేర్లూ ఒకే పాదంలో ఎందుకని ఎవరైనా అడుగుతారేమో. 1964లో ఫియట్ 1100డీ గా మొదలైన బండే, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. కొన్నవాళ్ళు పద్మిని కొన్నారు, పిలిచినవాళ్ళు ఫియట్ అనే పిలిచారు. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా తిరిగినవి 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. సొంతానికి దాచుకున్నవే ఇలా సిగ్నల్ దగ్గర కనిపిస్తాయి. తాత చేతి గేరు వేసేటప్పుడు చూశావా చిన్నోడా, స్టీరింగు కింద చెయ్యి?

ఆటోనగర్ చిన్నోడు:
చూశా. రెండోది వేసేటప్పుడు చెయ్యి వేగం తగ్గించి, మెల్లిగా కిందికి జార్చాడు. గేరు అరగకుండా అలా వేస్తే లింకేజీ (గేరు కడ్డీల అమరిక) ఎక్కువ కాలం ఉంటుంది. వెనక కుర్రాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు.

నెక్లెస్ రోడ్డు:
హైదరాబాద్ నుంచి. ఆదివారం పొద్దున్నే ఇక్కడికి మోడిఫైడ్ బళ్ళు వస్తాయి. నాది దాని మీద.

*వెనక రెక్క పెట్టి, వెడలుపు చక్రాలు,*
*గొట్టమంత పెద్ద గొంతు దెచ్చి,*
*మార్చి మార్చి చివర మారుతే మాయమై,*
*ముసలికారుఁ జూచి మోజు పడితి.*

మారుతి ఎనిమిదొందలు. 1986కి ముందు వచ్చిన మొదటి మోడల్ ఒళ్ళు. దాన్ని గుర్తుపట్టడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది.

యతి పోలీసు:
మూడో పాదానికి దండం పెట్టాను. "మార్చి మార్చి చివర మారుతే మాయమై". కానీ నాలుగో పాదం చూశారా? "ముసలిదానిఁ" అని ఇస్తే "ముసలికారుఁ" అని రాశారు.

నెక్లెస్ రోడ్డు:
గణం సరిపోయిందిగా? ముసలిదాన్ని చూసి మోజు పడ్డానంటే ఇంట్లో టెన్షన్ అండీ.

తెనాలి మాస్టారు:
నాయనా, ఆ టెన్షనే సమస్య. విన్నవాడు "ఛీ, ఇదేం మాట" అనుకోవాలి, పై మూడు పాదాలూ చదివాక "ఓహో కారా" అనాలి. కారు అని నువ్వే చెప్పేస్తే పూరించడానికి ఏం మిగిలింది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇక్కడ కూడా వర్తిస్తుంది. తయారు చేసినవాడు ఇచ్చిన రూపానికీ ఆర్సీలో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నేనిచ్చిన పాదం ఆర్సీలోకి ఎక్కేసింది.

నెక్లెస్ రోడ్డు:
రంగు మార్చుకోవచ్చు కదా?

తెనాలి మాస్టారు:
మార్చుకో, ఆర్సీలో రాయించుకో. నువ్వు మార్చింది రంగు కాదు, ఇంజను.

ఓరుగల్లు:
హనుమకొండలో వడ్డేపల్లి చెరువు గట్టు మీద నడకకి వెళ్ళినప్పుడు దొరికింది.

*బానెటంత లేచెఁ బాము పడగ వోలె;*
*పాన పట్టి యొకఁడు పైన వంగె;*
*చెన్నపురిని పుట్టి, చెరువు గట్టున నేడు*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

ఏ కారో చెప్పుకోండి చూద్దాం.

ఆటోనగర్ చిన్నోడు:
స్టాండర్డ్ హెరాల్డ్! బానెట్ ఒక్కటే కాదు, ముందు మడ్‌గార్డులతో సహా మొత్తం మూతి ముందుకి వాలిపోతుంది. చక్రం మీద కూర్చుని ఇంజను పని చెయ్యొచ్చు. మా మేస్త్రి ఇప్పటికీ తలుచుకుంటాడు, నడుం నొప్పి రాని బండి అదొక్కటే అని.

బ్రాడీపేట అక్క:
పాము పడగ పోలిక అచ్చంగా కుదిరింది. కానీ అన్నగారూ, చెన్నపురిలో పుట్టింది ఎవరు? "పుట్టి... మోజు పడితి" అంటే వ్యాకరణం ప్రకారం పుట్టింది మీరు. మీరు మద్రాసులో పుట్టి, ఇప్పుడు చెరువు గట్టున మోజు పడ్డట్టు అర్థం వస్తోంది.

ఓరుగల్లు:
అయ్యో! నేను పుట్టింది పరకాలలో.

బ్రాడీపేట అక్క:
ఒక్క మాట మారిస్తే చాలు. "చెరువు గట్టున నున్న / ముసలిదానిఁ". పుట్టిందీ, గట్టున ఉన్నదీ అప్పుడు ఆవిడే అవుతుంది. గణం కూడా చెడదు.

ఓరుగల్లు:
దిద్దుకున్నా. ఇంతకీ ఆ పానా పట్టుకున్నాయన్ని అడిగాను. రెండు తలుపులది, 948 సీసీ. రిజిస్ట్రేషన్ సంగతి ఆలోచిస్తున్నాడట.

తెనాలి మాస్టారు:
50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే 2021 నియమాల ప్రకారం వింటేజ్ కింద 'వీఏ' అక్షరాల నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. కానీ దాంతో రోజూ కూరగాయలకి వెళ్ళడానికి వీల్లేదు, ప్రదర్శనలూ ర్యాలీల వంటివాటికే. ఆయన చెరువు గట్టుదాకా తిరగాలనుకుంటే ఆలోచించుకోమనండి.

హిందూపురం:
*తుప్పు పట్టదెపుడు, తొడుగంత ఫైబరే;*
*కోళ్ళ గూడు గానె కూలబడెను;*
*పేరుకేమొ చేప, పెరటిలో వాసము;*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

సిపానీ డాల్ఫిన్. బెంగళూరులో తయారైంది, మాకు దగ్గరే కదా. ఒకరి పెరట్లో నిజంగానే కోళ్ళు పడుకుంటున్నాయి.

యతి పోలీసు:
ఛందస్సులో తప్పు లేదు. జీవశాస్త్రంలో ఉంది. డాల్ఫిన్ చేప కాదు.

హిందూపురం:
కోళ్ళ గూడు కూడా కారు కాదు సార్, అయినా ఆర్సీ ఉంది.

బ్రాడీపేట అక్క:
నియమం తప్పుతున్నానని తెలుసు. అయినా ఆపుకోలేక రాశాను.

*కారు కొత్త దైనఁ గాజుల చేతితో*
*గేరు మార్చి నవ్వెఁ గిలకిలమని*
*మామ్మ, యామె తోలు మహిమకు నే మ్రొక్కి*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

తెనాలి మాస్టారు:
కారు కొత్తది, పోటీకి పనికిరాదు. మూడో పాదంలో మ్రొక్కి, నాలుగో పాదంలో "ముసలిదాని" అన్నారు. ఔచిత్యం దెబ్బతింది. మామ్మగారు చదివితే రివర్స్ గేరులో మీ మీదికే వస్తారు. పద్యం మాత్రం రెండుసార్లు చదువుకున్నాను.

ఆటోనగర్ చిన్నోడు:
ఇంకొకటి రాయొచ్చా?

*గుండె మార్చినారు, కొలిమిలో కాల్చారు,*
*రంగు మార్చినారు, రాగమేమొ*
*పాతదేను! దాని పలకరింపుకు నేను*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

అంబాసిడరే. 1489 సీసీ పెట్రోలు ఇంజను తీసేసి ఎవరో డీజిల్ ఇంజను ఎక్కించారు. కింద నేల రేకు మొత్తం పుచ్చిపోతే కోసి కొత్త రేకు అతికించారు, అదే కొలిమి.

యతి పోలీసు:
ఛందస్సులో ఈసారి పట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ ఇంజను మారాక రాగం పాతదెలా అవుతుంది? పెట్రోలు ఇంజను గుర్‌మంటుంది, డీజిల్ టకటకా కొట్టుకుంటుంది. గుండె మార్చాక గొంతు మారదా? ఇది నా సబ్జెక్టు కాదు, నీ సబ్జెక్టే.

ఆటోనగర్ చిన్నోడు:
దొరికిపోయా. రాస్తున్నప్పుడు నా చెవిలో ఉన్నది ఇంజను కాదు సార్. తలుపు. అంబాసిడర్ తలుపు వేస్తే ధబ్ మని ఒక్క చప్పుడు వస్తుంది, బీరువా మూసినట్టు. ఆ బండికి ఇంజను మారింది, గేరుబాక్సు మారింది, సీట్లు వేరే కారువి, స్టీరింగు చిన్నది పెట్టారు, రంగు నల్లగా కొట్టారు. ఓనరు దిగి తలుపు వేశాడు. షెడ్డులో ఉన్న మేం నలుగురమూ తిరిగి చూశాం. మా మేస్త్రి అయితే తల ఎత్తకుండానే "అంబాసిడర్ వచ్చిందిరా" అన్నాడు. రాగం అంటే అదే. కానీ పద్యంలో చెప్పలేకపోయా.

తెనాలి మాస్టారు:
ఇప్పుడు చెప్పావుగా, దాన్నే లోపలికి తోయి. మొదటి పాదం ముట్టుకోకు.

ఆటోనగర్ చిన్నోడు:
రాత్రి షెడ్డు మూశాక కూర్చుని దిద్దాను.

*గుండె మార్చినారు, కొలిమిలో కాల్చారు,*
*రంగు మారె, తలుపు రవము మాత్ర*
*మట్లె యుండె, దాని మాటకు నేనాగి*
*ముసలిదానిఁ జూచి మోజు పడితి.*

"మాత్రం" అన్న మాట రెండు పాదాల మధ్య విరిగింది. పర్వాలేదా?

యతి పోలీసు:
పర్వాలేదు. పద్యంలో మాట పాదం దాటితే తప్పు కాదు, పెద్దవాళ్ళంతా దాటించారు. "రవము" ఒక్కటే నీ నోటి మాటలా లేదు.

ఆటోనగర్ చిన్నోడు:
అది పక్క షాపు అంకులు ఇచ్చారు. రంగుకి యతి కావాలి, చప్పుడు అంటే కుదర్లేదు.

దానవాయిపేట:
నా కుక్కకి గణం కుదరనట్టే.

తెనాలి మాస్టారు:
ఈ వారం పద్యం ఇదే. చిన్నోడి మొదటి పద్యంలోని రెండో పాదానికి విడిగా ఒక మార్కు. నెక్లెస్ రోడ్డు గారు నాలుగో పాదాన్ని అసలు రూపంలో పెట్టి మళ్ళీ పంపిస్తే, ఫిట్‌నెస్ చూసి రెన్యువల్ చేస్తాను. ఓరుగల్లు వారు ఆ హెరాల్డ్ మూతి తెరిచిన ఫోటో, నంబరు కనబడకుండా పెట్టాలి.

వచ్చే వారం సమస్య కూడా ఆటవెలది నాలుగో పాదమే:

*తోసినపుడు గాని తోడు రాదు*

బ్యాటరీ దిగిపోయిన బళ్ళున్నవాళ్ళు ముందుగా రాయండి.